ఆ మందు కాదు

మొన్న కుళాయి దగ్గర పక్కవీధి లక్ష్మిగారు నన్ను ఓ పక్కకి పిలిచి, గొంతు తగ్గించి అడిగారు.

"మీ ఆయనకి పచ్చకామెర్లు ఎక్కడ నయమయ్యాయమ్మా? మా తమ్ముడిక్కూడా పచ్చకామెర్లే."

ఆవిడ మొహం చూశాక అవి ఏ పచ్చకామెర్లో నాకు అర్థమైంది. పోయినేడు మా వీధంతటికీ మేం చెప్పుకున్న అబద్ధమే అది. డాక్టరుగారి క్లినిక్ ఎక్కడో చెప్పాను. ఇంతలో బిందె నిండింది, ఆవిడ ఎత్తుకుని వెళ్ళిపోయారు. చెప్పాల్సింది చాలా మిగిలిపోయింది. ఆ మిగిలినదే పాపని పడుకోబెట్టి ఇప్పుడు రాస్తున్నాను. లక్ష్మిగారి కోసం, ఆవిడలా గొంతు తగ్గించి అడిగే వాళ్ళ కోసం. కొంత నా కోసం కూడా. నాకింకా రాత్రిళ్ళు సరిగా నిద్ర పట్టదు. పక్కగదిలో ఆయన ఊపిరి ఎలా ఉందో వింటూ పడుకునే అలవాటు పోలేదు.

మేముండేది గాజువాకలో. మా నాన్నగారు స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి తణుకు వైపు నుంచి వచ్చారు. నేను పుట్టి పెరిగి డిగ్రీ చదివింది ఇక్కడే. మా ఆయన రమణది ఈ ప్రాంతమే. ఆటోనగర్‌లో ఒక షెడ్డులో లేతు మిషను మీద పని చేస్తారు. ఇనప కడ్డీ గిర్రున తిరుగుతుంటే వెంట్రుకవాసి తేడా రాకుండా దాన్ని చెక్కాలి. ఆ పనికి అన్నిటికంటే ముందు చెయ్యి నిలవాలి.

ఆయన తాగుడు అందరిలాగే సాయంత్రాలు స్నేహితులతో మొదలైంది. సాయంత్రం నుంచి పొద్దుటికి ఎప్పుడు వచ్చి చేరిందో నేను కనిపెట్టలేకపోయాను. పొద్దున్న లేవగానే కాఫీ గ్లాసు పట్టుకుంటే వణికే చెయ్యి, బాత్రూంకి వెళ్ళొచ్చేసరికి కుదురుగా ఉండేది. గీజరు వెనకాల సీసా దొరికినప్పుడు, పొద్దున్నే ఏం సరదా ఈ మనిషికి అని మండిపడ్డాను. అది సరదా కాదనీ, ఆయన తాగేది చెయ్యి నిలబెట్టుకోవడానికనీ తెలిసేసరికి చాలా ఆలస్యమైంది.

ఒకరోజు పాపకి జ్వరం. ఆయన సిరప్ చెంచాలో పోయబోయి గౌనంతా ఒలకబోశారు. పాప ఆయన చేతినే చూస్తూ, "నాన్నా, నీక్కూడా చలేస్తోందా?" అంది. సీసా నా చేతిలో పెట్టి బయటికి వెళ్ళిపోయారు. ఎక్కడికో నాకు తెలుసు. చెయ్యి నిలిచేచోటికి.

కిందటేడు కార్తీకం

మాల వేయిద్దామన్నది అత్తయ్య. మా మావయ్యగారు కూడా ఒకప్పుడు మాల వేసుకునే తాగుడు మానేశారట. "సామి మెడలో ఉంటే సీసా దగ్గరకి సెయ్యెలా ఎల్తాదే? మండలం గడిసిందా, ఇంక ఆ వాసనే పడదు సూడు" అంది. నాకూ అదే నమ్మకం. మా ఇంట్లో, వీధిలో, షెడ్డులో ఎవర్నడిగినా అదే మాట. మందు మానాలంటే మాలే మందు.

గుళ్ళో గురుస్వామి మాల వేశారు. నల్ల బట్టలు కట్టుకుని, చెప్పుల్లేకుండా ఇంటికొచ్చిన మనిషిని చూసి ఎన్నాళ్ళకో నా గుండె కుదుటపడింది. ఇంట్లో అందరం ఆయన్ని స్వామీ అని పిలిచాం. పాప మాత్రం "స్వామి నాన్నా" అంది. ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాం.

మర్నాటికి చేతులు విపరీతంగా వణికాయి. చన్నీళ్ళ స్నానం కదా, చలికి అనుకున్నాం. ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు. జపం చేసుకుంటున్నారనుకున్నాం. ఆ తర్వాతి రోజు పొద్దున్న పీఠం ముందు కూర్చుని, గోడ మీద చీమలు పాకుతున్నాయని చేత్తో దులపడం మొదలుపెట్టారు. గోడ మీద ఏమీ లేదు. "పాప మీదకి పోతన్నాయి, తియ్యండి!" అని అరిచారు. పాప భయపడి నా కొంగులో దూరింది. అంతలోనే ఒళ్ళంతా కొయ్యబారి పక్కకి పడిపోయి, కొట్టుకోవడం మొదలైంది.

చుట్టూ చేరిన వాళ్ళలో ఎవరో "స్వామి పూనాడు, శరణుఘోష చెప్పండి" అన్నారు. ఇంకొకరు "అపచారం జరిగింది, ఇంట్లో ఎవరో మైల కలిపేరు" అని నా వైపు చూశారు. అత్తయ్య మాత్రం గుండెలు బాదుకుంటూ ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెత్తింది. ఆ పరుగు వల్లే ఆయన ఇవాళ ఉన్నారని నేననుకుంటాను.

పెద్దాసుపత్రిలో డ్యూటీ డాక్టరు చిన్న వయసు అమ్మాయి. నల్ల బట్టలు చూడగానే, "రోజూ తాగేవారా? ఎప్పుడు ఆపారు?" అనడిగింది.

"మాల వేసుకున్నారండి. అప్పుడే ఆపేశారు."

"ఒక్కసారిగానా?"

"మాలంటే ఒక్కసారిగానే కదండీ."

ఆ అమ్మాయి కోప్పడలేదు. "ఆపడం మంచిదే. కానీ ఇంతకాలం పొద్దున్నుంచి తాగే ఒళ్ళు ఇలా హఠాత్తుగా ఆపితే తట్టుకోలేదు. ప్రాణం మీదికొస్తుంది. ఆసుపత్రిలో ఉంచి, మందులిచ్చి ఆపించాలి" అంది. తాగితే చస్తారని చిన్నప్పట్నుంచీ విన్నాను. మానితే కూడా ప్రాణం పోవచ్చని ఆ వార్డులో నిలబడి మొదటిసారి విన్నాను.

మళ్ళీ అలా కొట్టుకుంటే మాల మెడకి బిగుసుకుంటుంది, తియ్యాలన్నారు. అత్తయ్య దాని మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. "దీచ్చ మజ్జిలో తీత్తే ఇల్లు నాశనమైపోద్ది, నానొప్పుకోను" అని మంచాన్ని పట్టుకుని ఏడ్చింది. నర్సులు నా వైపు చూస్తున్నారు. తియ్యమనే ధైర్యం నాకూ లేదు. ఎవరు కబురు చేశారో గానీ గురుస్వామి చెప్పుల్లేకుండా ఆ ఫినాయిలు నేల మీద నడుచుకుంటూ వచ్చారు. మంచం దగ్గర ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, మాల ఆయనే తీసి తన పైపంచెలో చుట్టుకున్నారు.

"సామికి కోపం రాదా బాబూ?" అంది అత్తయ్య.

"ఇది రోగమని సామికి తెల్దా అప్పా? మనకే తెల్లేదు. బాగయ్యాక వేసుకుంటాడు. మాల ఎక్కడికీ పోదు."

ఎవరైనా ఇంట్లోవాళ్ళచేత తాగుడు మాన్పించాలని మాల వేయిస్తుంటే నేను చెప్పేది ఒకటే. మాలకి నేను వ్యతిరేకిని కాను. ముందు డాక్టరుకి చూపించండి. ఆ తర్వాత గుడికి వెళ్ళండి.

ఆ చలికాలం

ఆసుపత్రి నుంచి వచ్చేశాక ఆయన నీరసంగా మంచం మీద ఉంటే, చూడవచ్చిన వాళ్ళకి అత్తయ్య పచ్చకామెర్లని చెప్పింది. పచ్చకామెర్లయితే పళ్ళు తెస్తారు, పత్యం చెబుతారు. అసలు పేరు చెబితే ఏం తెస్తారు?

ఒంట్లోంచి విషం పోయింది కాబట్టి జబ్బు తగ్గిపోయిందనుకున్నాం. అదీ పొరపాటే. ఒంట్లో కొంచెం ఓపిక రాగానే షెడ్డుకి వెళ్ళారు. మళ్ళీ గీజరు వెనక సీసా కనబడింది.

ఈసారి మధురవాడలో ఉండే మా అన్నయ్య తాగుడు మాన్పించే సెంటరొకదాని సంగతి తెలుసుకొచ్చాడు. ఊరి బయట, పేరు చెప్పను. వాళ్ళే వ్యాను వేసుకుని వచ్చి, ఇద్దరు మనుషులు చెరో రెక్కా పట్టుకుని తీసుకెళ్ళారు. పాప స్కూల్లో ఉన్నప్పుడు రమ్మని చెప్పాం కాబట్టి అది మాత్రం పాప చూడలేదు. వెళ్ళి చూస్తానంటే ఇప్పుడే కలవకూడదన్నారు. ఫోనులో మాట్లాడించారు. పక్కన ఎవరో నిలబడి ఉన్నట్టు, హెడ్మాస్టరు ముందు పిల్లాడిలా, "బాగున్నాను. భోజనం బాగుంది. అందరూ బాగా చూస్తున్నారు" అన్నారు. మా ఆయన నాతో ఎప్పుడూ అంత పుస్తకంలా మాట్లాడలేదు.

సగం మనిషై తిరిగొచ్చారు. అక్కడేం జరిగిందో ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు. ఒకసారి మాత్రం, "తలూపడం నేర్పారు. అన్నిటికీ తలూపితే పంపించేస్తారు" అన్నారు. వారం తిరక్కుండానే మళ్ళీ తాగారు. తాళం వేసినన్నాళ్ళూ తాగలేదు, తాళం తీశాక ఏం చెయ్యాలో వాళ్ళు చెప్పలేదు. అప్పుడే నేను పాప బట్టలు నాలుగు ఒక బ్యాగులో సర్ది మంచం కింద పెట్టాను. మధురవాడ వెళ్ళిపోవడానికి.

ఎండలు ముదిరాక

వెళ్ళిపోయేముందు ఇంకొక్కసారి అనుకుని, పెద్దాసుపత్రి డాక్టరమ్మాయి అప్పట్లో చీటీ మీద రాసిచ్చిన సీతమ్మధార క్లినిక్‌కి వెళ్ళాం. దాని బోర్డు మీద నరాల వైద్యం, మానసిక వైద్యం అని రెండూ ఉంటాయి. లోపల కూర్చున్న వాళ్ళందరూ నరాల కోసం వచ్చినట్టే కూర్చుంటారు. ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఫ్యాను కింద కుర్చీ ఖాళీగా ఉన్నా, తలుపు తీస్తే రోడ్డు మీదికి కనబడుతుందని అందులో ఎవరూ కూర్చోరు. మేం గాజువాక నుంచి రెండు బస్సులు మారి వచ్చి, చెమటలు కక్కుతూ కూడా గోడవారకే వెళ్ళి కూర్చున్నాం.

ఆ ఫ్యాను కింద కుర్చీలో దర్జాగా కూర్చున్నది ఒక్కావిడే. సముద్రం ఒడ్డు పేట నుంచి వచ్చిన చేపలమ్మే మనిషి, కొడుకుని తీసుకొచ్చింది. లోపలికి పిలిచే అమ్మాయితో, "బేగి పిలమ్మా, గంపలో సేపలు నీలాగ ఏసీలో లేవు" అంది. గోడవార కూర్చున్న వాళ్ళందరం నవ్వేశాం. నవ్వాక ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. ఆవిడ నా వైపు తిరిగి, బస్సు నంబరు అడిగినట్టు అడిగింది.

"మీకెన్నోసారి?"

"ఇక్కడ మొదటిసారండి."

"మాకు మూడోది. మజ్జిలో ఆపేసినాం, మళ్ళా మొదలెట్టినాం. ఆడు వల ఎన్నిసార్లు తెగినా కుడతాడు గదా, ఇదీ అంతే అనుకుంతన్నాను. ఏటి సేత్తాం."

అప్పటిదాకా మూడోసారి అన్నది ఓడిపోయిన లెక్క అనుకునేదాన్ని. ఆవిడ దాన్ని దాచుకోకుండా చెప్పేసరికి నాకు ఊపిరాడినట్టయింది.

డాక్టరుగారు నన్నేమీ అడగలేదు. ఆయన్నే అడిగారు. "మీకేం కావాలి?"

ఇన్నాళ్ళలో ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు. అత్తయ్యా, నేనూ, అన్నయ్యా, మాకేం కావాలో చెప్పాం. రమణ రెండు చేతులూ బల్ల మీద పెట్టి చూపించారు.

"చెయ్యి నిలవాలి సార్. మందు లేకుండా నిలవాలి."

"అక్కడ్నుంచే మొదలుపెడదాం" అన్నారు డాక్టరుగారు.

కొన్నాళ్ళు అక్కడే ఉంచి, ఒళ్ళు తట్టుకునేలా నెమ్మదిగా మాన్పించారు. ఈసారి నేను రోజూ వెళ్ళి కూర్చోవచ్చు. తాగాలనే గుంజుడు తగ్గించే మాత్ర ఇచ్చారు. ఇంటికొచ్చాక వారం వారం సాయంత్రం పూట, షెడ్డు మూసేశాక వచ్చే వీలుగా కౌన్సెలరు పద్మ మేడం దగ్గర కూర్చోబెట్టారు. కొన్నిసార్లు నన్నూ, ఒకసారి అత్తయ్యనీ. పగటిపూట రమ్మని ఉంటే పని పోయేది, పని పోతే వైద్యమూ పోయేది. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మాకు తలుపు తెరిచింది ఆ సాయంత్రపు వేళే.

అత్తయ్య ఊరుకోలేదు. ఎవరో చెప్పిన పొడి ఒకటి కొంగున కట్టుకొచ్చింది. "పులుసులో కలిపీమే. ఆడికి తెలీకుండా మానిపించీడమే" అంది. అది మేడం ముందే తీసింది. మేడం దాన్ని తీసుకుని పక్కన పెట్టారు.

"ఇది తిని, పైన తాగితే మీ అబ్బాయి గుండె ఆగిపోవచ్చమ్మా. మనిషికి తెలీకుండా పెట్టేది వైద్యం కాదు. ఏం వేసుకుంటున్నాడో అతనికి తెలియాలి, అతనే వేసుకోవాలి."

తర్వాత నా వైపు తిరిగారు. రోజూ ఆయన నోరు వాసన చూస్తున్నానని, జేబులు వెతుకుతున్నానని ఆయనే చెప్పారట. "పోలీసు పని నువ్వు మానెయ్. మాత్ర వేసుకున్నాక ఆయనే నీకు చెబుతాడు. నువ్వు అడక్కూడదు" అన్నారు. అడక్కుండా ఉండడం నాకు చేతకాదు. ఒలికిన పాలు తుడవకుండా చూస్తూ కూర్చోవడంలా ఉంటుంది. అయినా ఒప్పుకున్నాను. బ్యాగు సంగతి కూడా అక్కడే బయటపడింది. దాచి బెదిరించడం కంటే చెప్పెయ్యమన్నారు. చెప్పాను. "ఒక్క చుక్క తాగినా పాపని తీసుకుని వెళ్ళిపోతాను." ఆయన విన్నారు, ఈసారి తలూపలేదు. "సరే" అన్నారు.

అప్పట్నుంచీ రోజూ మధ్యాహ్నం, కేరియరు విప్పేముందు షెడ్డు నుంచి ఫోను. ఒక్కటే మాట. "వేసుకున్నాను." నేను "మంచిది" అనేదాన్ని. అంతే. ఆ ఒక్క మాట మీద ఇల్లంతా నడిచింది. ఎండాకాలం పోయింది, వానలొచ్చాయి. లేతు మీద ఆయన మళ్ళీ సన్న పనులు చేస్తున్నారు.

దసరా

ఆటోనగర్‌లో ఆయుధపూజంటే మిషన్లకి పండగ. కడిగి, పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, గుమ్మడికాయ కొడతారు. పూజవ్వగానే సీసాలు తియ్యడం కూడా ఆనవాయితీయే. పొద్దున్నే ఆయన ఉతికిన చొక్కా వేసుకుని వెళ్తుంటే కేరియరు అందించాను. ఏమీ అడగలేదు. అడగకూడదు కదా.

మధ్యాహ్నం ఫోను మోగింది. వెనకాల డప్పులు, నవ్వులు.

"వేసుకున్నాను."

"మంచిది. అన్నం తిన్నారా?"

డప్పులు దూరమయ్యాయి, ఎటో నడుస్తున్నట్టున్నారు.

"సునీతా. ఆ మందు కాదు."

మన భాష మీద నాకంత కోపం ఎప్పుడూ రాలేదు. బతికించేదానికీ చంపేదానికీ ఒకే మాట ఏమిటి? వేసుకోవడం కూడా రెంటికీ ఒకటేనా? ఫోను పెట్టేసి మంచం కింద నుంచి బ్యాగు లాగాను. అత్తయ్య గుమ్మంలో నిలబడిపోయింది. అన్నీ వినే ఉంటుంది.

"ఎల్లిపోతన్నావేటే?"

బ్యాగు జిప్పు మీద నా చెయ్యి ఉంది. నేనన్న మాట ఆయనకి తెలుసు. ఒక్క చుక్క తాగినా అన్నాను. తెలిసీ ఎందుకు చెప్పినట్టు? దాచితే నాకు తెలిసేది కాదు. మామూలుగా "వేసుకున్నాను" అని పెట్టేస్తే, "మంచిది" అని నేను పప్పు తాలింపు పెట్టుకునేదాన్ని.

పాప బట్టలు తీసి మంచం మీద కుప్ప పోశాను. ఆ బ్యాగులోనే ఆయన క్లినిక్ కాగితాలు, నీళ్ళ సీసా, తువ్వాలు పెట్టాను. "పాపని చూడండి అత్తయ్యగారూ. సీతమ్మధార వెళ్ళొస్తాం" అన్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "పండగపూట గోదారోళ్ళు భోజనం సెయ్యకుండా ఇల్లు కదల్రంటారు గదే" అని వెక్కిరిస్తూనే నా చేతిలో రెండు బూరెలు పెట్టింది.

ఆయన షెడ్డు బయట పాత లారీ టైరు మీద కూర్చుని ఉన్నారు. పక్కనే పనిచేసే అప్పలరాజు, దొంగతనంలో దొరికినవాడిలా నిలబడి ఉన్నాడు.

"తప్పు నాదే సెల్లెమ్మా. పండగ గదా, ఒక్కటే గదా బావా అని నానే సేతిలో ఎట్టీసినాను. బావని ఏటీ అనకు, నన్ను తిట్టీ."

"నిన్ను తర్వాత తిడతాను అన్నయ్యా, ఇప్పుడు ఆటో పిలు" అన్నాను. పరుగెత్తాడు.

రమణ నా చేతిలో బ్యాగు చూస్తున్నారు.

"పాపేది?"

"ఇంట్లో ఉంది."

"ఒక గ్లాసు తాగాను. రెండోది చేతిలో పట్టుకుని నీకు ఫోన్ చేశాను."

"రెండోది ఏం చేశారు?"

"మిషను కింద పోసీసినాను. దానికే కదా పండగ."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "వెళ్ళిపోతానని చెప్పాను కదా. తెలిసీ ఎందుకు చెప్పారు?"

"ఇవాళ దాస్తే రేప్పొద్దున మాత్ర వేసుకుని నీకు ఫోన్ చేసినా అది అబద్ధంలాగే ఉంటాది. ఆ ఒక్క మాటే కదా మనకి ఉన్నది."

ఆటోలోంచి ఫోను చేస్తే, పండగైనా పద్మ మేడం ఇంటి నుంచి క్లినిక్‌కి వచ్చారు. తిట్టలేదు, అయ్యో అనలేదు. ఆ గ్లాసు చేతిలోకి రాకముందు ఏం జరిగిందో ఒక్కొక్కటే అడిగారు. ఎవరి పక్కన నిలబడ్డారు, అన్నం తిన్నారా, మాత్ర వేసుకోవడం ఎప్పుడు ఆలస్యమైంది. వచ్చే ఏడు గుమ్మడికాయ కొట్టగానే నన్నూ పాపనీ తీసుకుని బీచికి వెళ్ళాలని అక్కడే అనుకున్నాం. వచ్చేటప్పుడు మేడం నాతో విడిగా అన్నారు. "జారడం జబ్బులో భాగమే. జారాక ముందు ఎవరికి ఫోన్ చేశాడన్నదే నేను చూస్తాను."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో బూరెలు చెరొకటి తిన్నాం. బ్యాగు ఇప్పుడు అటక మీద ఉంది. పారెయ్యలేదు, పారేసే ధైర్యం ఇంకా రాలేదు. కానీ ఖాళీగా ఉంది.

మళ్ళీ కార్తీకం

వీధుల్లో నల్ల బట్టలు కనిపిస్తున్నాయి. పోయినేడు ఆ రంగు చూస్తే నాకు ఆసుపత్రి ఫినాయిలు వాసనొచ్చేది. గురుస్వామి మొన్న ఎదురైతే, మాల తన దగ్గర భద్రంగా ఉందన్నారు. డాక్టరుగారిని అడిగి వేసుకుంటానని రమణ చెప్పారు. వేసుకున్నా మాత్రలు మాత్రం ఆపరు.

ఆయనకి నయమైందని నేను లక్ష్మిగారితో అనలేదు. బాగున్నారన్నాను. రెండింటికీ తేడా ఉంది. ఇది జ్వరంలా వచ్చి పోయేది కాదు. షుగరులా పక్కన పెట్టుకుని బతకాల్సింది. ఇన్ని రకాలుగా తిరిగాక నాకు తెలిసింది కొంచెమే. తాళం పని చెయ్యలేదు, ఒక్క దీక్షతో పని కాలేదు, ఆయనకి తెలీకుండా పెట్టే పొడీ పని చేసేది కాదు. ఆయన్ని అడిగి మొదలుపెట్టింది, పని వదులుకోకుండా వెళ్ళగలిగింది, జారిన రోజు కూడా తలుపు వెయ్యనిది, అదే నిలిచింది. లక్ష్మిగారూ, మీ తమ్ముణ్ణి మీతో రమ్మనండి. రాకపోతే ముందు మీరే వెళ్ళి కూర్చోండి. ఫ్యాను కింద కుర్చీ ఖాళీగానే ఉంటుంది.

నిన్న సాయంత్రం పాపకి ఒళ్ళు వెచ్చగా అనిపించింది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. ఆయనే సిరప్ సీసా తీసి మూతలో పోస్తున్నారు. గుమ్మంలోంచి చూస్తున్నాను. పాప పెదాలు బిగించి తల అడ్డంగా ఊపింది.

"ముందు నువ్వు చెప్పు నాన్నా. నువ్వు మందు వేసుకున్నావా?"

"వేసుకున్నానమ్మా."

పాప నోరు తెరిచింది. సిరప్ మూత మీది గీత దాకా వచ్చి, అక్కడే ఆగి ఉంది. ఒక్క చుక్క కూడా గౌను మీద పడలేదు.

అలవాటుకొద్దీ ఆయన మొహం వైపు ఒక అడుగు వేశాను. లోపల పప్పు పొంగుతున్న చప్పుడైంది. వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్ళాను. ఏ మందని అడగలేదు.